చెరువునకు పండ్రెండంగములు

మన పూర్వులు సప్తసంతానములలో తటాకమును కూడ చేర్చిరి. ఈ పేరు ఊరక పెట్టినది కాదు. బిడ్డను కన్నంతమాత్రమున తల్లిదండ్రుల పని తీరదు, పెంచి పెద్దచేయవలెను. చెరువును కట్టించినంతమాత్రమున కట్టించినవాని పనియు తీరదు. చెరువనగా మన్ను, రాయి, నీరు మాత్రమే కాదనియు, మనుష్యులును అందొక భాగమేననియు శిలపై చెక్కించిన శాసనమొకటి కడప సీమలోని పోరుమామిళ్ళలో నున్నది.

అది శాలివాహన శకము 1291, అనగా క్రీస్తుశకము 1369 నాటిది. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు, భవదూరుడను నామాంతరము గల భాస్కరుడు, ఉదయగిరి రాజ్యమును పాలించుచు అచ్చట అనంతరాజసాగరమను చెరువును కట్టించెను. దినమునకు 1000 మంది కూలీలు, రాతిపనికి 100 బండ్లు చొప్పున రెండేండ్లు పని జరిగినట్లు శాసనము చెప్పుచున్నది.

ఐతే ఈ శాసనమునకు గల ఘనత ఆ లెక్కలవలన వచ్చినది కాదు. మంచి చెరువునకుండవలసిన 12 అంగములను, ఉండగూడని 6 దోషములను అది వరుసగా పేర్కొన్నది. గట్టి బంకనేల, మూడు యోజనముల దూరమునుండి వచ్చు తీయని నీటి యేరు, చెరువునానుకొన్న కొండ, కొండల నడుమ మిక్కిలి పొడవు కాని దృఢమైన రాతికట్ట, లోతును విశాలతయు గల గర్భము, పొడవైన రాళ్ళు దొరకు గని, చదునైన సారవంతపు పొలములు మొదలైనవి ఏ యింజనీరునడిగినను చెప్పునవే. కాని ఆ పట్టికలో మొట్టమొదటి అంగము నేలయు కాదు, నీరును కాదు. ధర్మబుద్ధియు, ధనమును, కీర్తికాంక్షయు గల రాజు. రెండవది జలశాస్త్రమెరిగిన విద్వాంసుడు. చిట్టచివరిది పని నేర్చిన జనసమూహము. మనుష్యులు మొదటను తుదను నిలువగా, మన్నును రాయియు నడుమ నున్నవి.

దోషములలోను ఇదే దృష్టి. కట్టనుండి నీరూరుట, చవుడునేల, గర్భమధ్యమున మెట్ట, నీరు తక్కువై పొలమెక్కువగుట, పొలము తక్కువై నీరెక్కువగుట అనునవి అయిదు. మిగిలినది రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట. ఇది కొలబద్దకు అందని దోషము. మునుగు నేల యొకరిది, పండు నేల వేరొకరిది ఐనచో కట్ట యెంత గట్టిదైనను చెరువు నిలుచుట కష్టము. సరిగా 600 ఏండ్ల పిమ్మట, 1969లో, కృష్ణానది నీటిని మహారాష్ట్ర, మైసూరు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములకు పంచుటకై బచావత్ న్యాయమండలిని నియమింపవలసివచ్చుట ఆ ఒక్కమాటకు వ్యాఖ్యానమే.

చిన్న చెరువునందును ఇదే తీరు. అలుగు ఎంత యెత్తుండవలెననునది పైకి రాతిపని లెక్క. దానిని జానెడు పెంచినచో క్రింది ఆయకట్టుదారునకు నీరు పెరుగును; పైన శిఖము భూమి దున్నుకొనువాని పైరు మునుగును; గొలుసుకట్టులో దిగువనున్న చెరువునకు నీరు ఆలస్యమగును. కావున అలుగు కొలతయే కాదు, ఒడంబడిక కూడ. తూము సంగతియు అట్టిదే. దానిని ఎప్పుడు తెరువవలెను, చివరి మడికి నీరెట్లు చేర్పవలెను అను భారము నీరుగంటిది. నీరు చాలని యేట ఏ పొలమునకెంత పారింపవలెనో ముందుగా నిర్ణయించుకొను పద్ధతిని తెలంగాణమున తైబందీ యనిరి. చెరువును బాగుచేయువారికి దశబంధపు మాన్యములుండెను.

ఐనను పూర్వపద్ధతిని స్వర్ణయుగమని పొగడుట తగదు. రాత్రులు కట్టపై కావలి కాచిన నీరుగంటులు తరచుగా ఊరి వెలుపల నుంచబడిన కులములవారు. వారు పారించిన నీటితో పండిన మడులు పరులవి. పోరుమామిళ్ళలో రాజు పేరుగా నిలిచెను. కూలీలు అంకెగా మిగిలిరి. 1858లో మద్రాసు రాజధానియందు చెరువులు, కాలువల రక్షణకై నిర్బంధపు పనిని చట్టముగానే చేసిరి.

కాలక్రమమున మాన్యములు పోయినవి. నీరుగంటి వృత్తి సన్నగిల్లినది. గొట్టపుబావులు వచ్చి, నీటికై పొరుగువానితో కలిసి కూర్చుండు అవసరము తగ్గినది. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సాగునీటి నిర్వహణలో రైతులకు భాగమొసగు చట్టము చేసి, నీటి వినియోగదారుల సంఘములనేర్పరచినది. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర చెరువుల పూడిక తీయించుటకు పూనుకొన్నది. మొదటిది మనుష్యుల అంగమును, రెండవది మన్ను అంగమును పట్టుకొన్నవి. రెండును కావలసినవే, ఒకటి లేక రెండవది నిలువదు. పూడికను యంత్రము ఒక్క వేసవిలో తీయగలదు. తెల్లవారుజామున తూము కడ నిలిచి చివరి మడివాని వంతు కాపాడుటకు మాత్రము మనిషియే కావలెను. ఆ మనిషికి కూలియు, గౌరవమును ఊరివారే యీయవలెను.

కావున చెరువు చెడినదని విన్నప్పుడు కట్ట యెక్కడ తెగినదని యడుగుట సగము ప్రశ్నయే. పండ్రెండంగములలో ఏది తప్పినదని యడిగిన గ్రామమునకే దాని మందు దొరకును.