బ్లూబెర్రీ బ్యాక్టీరియా తెగుళ్లు: నీళ్లున్నా మొక్క ఎందుకు ఎండుతుంది?

బ్లూబెర్రీకి సోకే బ్యాక్టీరియా తెగుళ్లలో ముఖ్యమైనవి నాలుగు: ఆకుమాడు, వడలు తెగులు, కొమ్మ ఎండు, క్రౌన్ గాల్. బ్యాక్టీరియా మొక్క లోపల పాతుకుపోయాక నయం చేసే మందు వీటిలో దేనికీ లేదు. అందుకే అసలు జాగ్రత్త తోటలో కాదు, నర్సరీలోనే మొదలవ్వాలి.

ఆకుమాడు తెగులు

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 2000ల తొలి సంవత్సరాల్లో ఇది బయటపడింది. కారణం జైలెల్లా ఫాస్టిడియోసా. ఇటలీలో ఆలివ్ తోటలను ఎండబెట్టిందీ ఈ బ్యాక్టీరియానే. మన పచ్చదోమ కుటుంబానికే చెందిన షార్ప్‌షూటర్ పురుగులు రసం పీలుస్తూ దీన్ని మొక్క నుంచి మొక్కకు చేరవేస్తాయి. నీటిని పైకి మోసే దారు నాళాల్లో ఇది పెరిగి దారి మూసేస్తుంది. ఆకుల అంచులు మాడతాయి, ఆకులు రాలతాయి, చివరికి పసుపుపచ్చ పుల్లలు మిగులుతాయి. వేర్లు మాత్రం ఆరోగ్యంగానే కనిపిస్తాయి. నీటి ఎద్దడో, ఎరువు ఎక్కువైందో అనుకుని పొరబడటం తేలిక.

వడలు తెగులు

ఫ్లోరిడాలోని బ్లూబెర్రీ తోటల్లో 2016లో కనిపించింది. కారకం రాల్‌స్టోనియా సొలనేసియారం. మన టమాటా, వంగ రైతులకు ఇది పాత శత్రువే. నేలలో ఉండి వేర్ల ద్వారా ప్రవేశిస్తుంది. ఒక చిన్న పరీక్షతో దీన్ని అనుమానించవచ్చు: కాండాన్ని కోసి గాజు గ్లాసులోని మంచినీళ్లలో ఉంచితే, కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లని ధార దిగుతుంది. నిర్ధారణ మాత్రం ప్రయోగశాలలోనే జరగాలి.

కొమ్మ ఎండు

చలి ప్రాంతాల సమస్య. ఆరెగాన్, వాషింగ్టన్, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాల్లో కనిపిస్తుంది. సూడోమోనాస్ సిరింజే బ్యాక్టీరియా ఉన్న చోట సున్నాకు కొద్ది డిగ్రీల దిగువనే నీరు గడ్డకట్టి కణజాలం చిట్లుతుంది. ఆ గాయమే దానికి ద్వారం. కొమ్మలపై ఎర్రటి, నల్లటి మచ్చలు పడతాయి. సీజన్ చివర్లో నత్రజని వేస్తే లేత కొమ్మలు వచ్చి ముప్పు పెరుగుతుంది. రాగి మందులు కొంత ఆపుతాయి. కానీ వాటికి లొంగని రకాలూ ఉన్నాయి.

క్రౌన్ గాల్

ఆగ్రోబ్యాక్టీరియం గాయాల ద్వారా చేరి, తన జన్యువుల్లో కొన్నింటిని మొక్క కణాల్లోకి చొప్పిస్తుంది. దాంతో మొదలు దగ్గర కణితులు పెరుగుతాయి. ఈ నేర్పునే శాస్త్రవేత్తలు జన్యుమార్పిడి పంటల తయారీకి వాడుకున్నారు. కత్తెరలను శుభ్రం చేయకుండా ఒక మొక్క నుంచి మరో మొక్కకు వెళ్తే వ్యాపిస్తుంది.

మనకెందుకు?

బ్లూబెర్రీ సాగు మన దేశంలోనూ మొదలైంది. మొక్క ఖరీదైనది, పెట్టుబడి తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. పైకి ఆరోగ్యంగా కనిపించే తల్లిమొక్క నుంచి తీసిన కొమ్మ ద్వారా కూడా జైలెల్లా సోకగలదు. అంటే కంటితో చూసి కొన్న మొక్కకు హామీ లేదు. విదేశీ మొక్కలకు దిగుమతి అనుమతి, ఎగుమతి దేశపు ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరని 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు చెబుతోంది. సూట్‌కేసులో దాచి తెచ్చే ఒక్క కొమ్మ ఆ కంచెను దాటేస్తుంది.

కొనేవారు మూడు విషయాలు అడగాలి: మొక్క ఎక్కడి నుంచి వచ్చింది, తల్లిమొక్కకు ఏ పరీక్షలు చేశారు, వాటి పత్రాలున్నాయా? నాటాక అకారణంగా ఎండుతున్న మొక్క కనిపిస్తే నీళ్లు పెంచే ముందు నమూనాను పరీక్షకు పంపాలి. తెగులని తేలితే వేర్లతో సహా తొలగించాలి.