దత్తపుత్రుని మాట - ఐతరేయ కథ మొదలు మైసూరు సంస్థానము వరకు

బెంగుళూరులో అల్పసంఖ్యాక భాషా పాఠశాలయందు తెలుగు బోధించుట నా వృత్తి. ఒకనాడు తరగతిలో మైసూరు ప్రభువుల దత్తత ప్రసక్తి రాగా, ఒక బాలిక లేచి, “ఆ పిల్లవాణ్ని ఎవరైనా అడిగినారా సార్?” అని ప్రశ్నించినది. నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఆ ప్రశ్ననే ఆధారముగా గొని దత్తత చరిత్రను పరిశీలింపగా తేలిన విషయములను పాఠకుల ముందుంచుచున్నాను.

ఆంధ్ర శబ్దము ప్రాచీన వాఙ్మయమున మొట్టమొదట కానవచ్చునది ఐతరేయ బ్రాహ్మణమున నని మన చరిత్రకారులు చెప్పుచునే యున్నారు. కాని యది వచ్చిన సందర్భము ఒక దత్తత వివాదమను సంగతిని మనము తరచుగా గమనింపము. తెలుగువారికి గౌరన ద్విపద కావ్యమువలనను నాటకములవలనను పరిచితుడైన హరిశ్చంద్రుడు కాటికాపరి. ఐతరేయమున నాతడు బిడ్డలులేని రాజు. వరుణుని వరమున రోహితుని గని, వానినే బలి యిత్తునన్న మాట చెల్లింపలేక వ్యాధిగ్రస్తుడగును. రోహితుడు తనకు బదులుగా నూరు గోవుల నిచ్చి, అజీగర్తు డను పేద బ్రాహ్మణుని నడిమి కొడుకైన శునశ్శేపుని కొనును. పెద్దవానిని తండ్రియు, చిన్నవానిని తల్లియు విడువ నొల్లరైరి. బాలుని స్తంభమునకు గట్టుటకు మరి నూరు, వధించుటకు మరి నూరు గోవులను దండ్రియే స్వీకరించెను. బాలుడు దేవతలను స్తుతించి బంధముక్తు డయ్యెను. అప్పుడు అజీగర్తుడు కొడుకును మరల రమ్మనగా నతడు నిరాకరించి, విశ్వామిత్రునకు బుత్రుడై దేవరాతు డను పేరు పొందెను.

విశ్వామిత్రునకు నూటయొక్కరు కుమారులు. మధుచ్ఛందుని కంటె పెద్దవారైన యేబదిమంది యీ క్రొత్తవానిని జ్యేష్ఠునిగా నంగీకరింపక తండ్రి శాపమునకు గురియైరి. వారి సంతతియే ఆంధ్ర, పుండ్ర, శబర, పుళింద, మూతిబులని గ్రంథము చెప్పుచున్నది. ఇది జాతుల పుట్టుకకు ప్రమాణము కాదు. ఆర్యావర్తపు టంచుల నున్న జనులను కథలో నిముడ్చుటకు చేసిన యత్నము మాత్రమే. అయినను మన పేరు తొలిసారి వినబడినది, ఇంటికి వచ్చిన బిడ్డను కాదన్నవారి పట్టికలో నన్న సంగతి ఆలోచింపదగినది. అంతకంటె ముఖ్యమైన దింకొకటి కలదు: ఆ కథలో తండ్రి నెన్నుకొన్నవాడు బిడ్డయే.

స్మృతికాలము నాటికి బిడ్డ మాటకు విలువ తగ్గెను. మనువు పేర్కొనిన ద్వాదశ పుత్రులలో, తల్లిదండ్రులు విడిచిన బిడ్డను చేరదీయగా నేర్పడిన అపవిద్ధుడు దాయార్హుల వర్గమున నుండగా, తన్ను తానే యర్పించుకొను స్వయందత్తుడు దాయార్హతలేని బంధువులలో చేరినాడు. పిమ్మటి నిబంధకారులు కలియుగమున ఔరసుడు, దత్తుడు నను నిరువురే చెల్లుదురనిరి. నందపండితుని దత్తకమీమాంసయు, దత్తకచంద్రికయు సదర్లండుచే 1821లో ఆంగ్లీకరింపబడి న్యాయస్థానములకు ప్రమాణములైనవి. పిండోదకములు, వంశము, ఆస్తి - ఇవియే చర్చనీయాంశము లయ్యెను.

అయితే శాస్త్రమున కావల తెలుగునాట ఇంకొక యాచార ముండెను. రెడ్లు, కమ్మవారు మొదలగు కుటుంబములలో మగసంతు లేనపుడు అల్లుని ఇంటికి దెచ్చుకొని, కొడుకువలె వ్యవసాయము జూచుకొన్నందుకు ఆస్తిలో భాగ మిచ్చెడివారు. ఇదియే ఇల్లటము. ఇల్లటపుటల్లుడు గోత్రము మార్చుకొనడు. పుట్టినింటి హక్కును గోల్పోడు. అతని రాకకు ఆధారము హోమము కాదు, ఒప్పందము. 19వ శతాబ్దిలో మద్రాసు హైకోర్టు ఈ యాచారమును గుర్తించుటతో మన తెలుగు మాట ఆంగ్ల న్యాయనివేదికలలోని కెక్కినది. వచ్చువాని మాట చెల్లిన పద్ధతి యిది.

ఇక మా బాలిక యడిగిన మైసూరు సంగతి. 1799లో సింహాసన మెక్కిన మూడవ కృష్ణరాజ ఒడెయరు 1831లో పరిపాలనాధికారమును గోల్పోగా, బ్రిటిషు కమిషనర్లు బెంగుళూరు ముఖ్యస్థానముగా రాజ్యమేలిరి. సతారా, ఝాన్సీ సంస్థానములు దత్తతను కాదనుటచే నెట్లు హరింపబడెనో మహారాజు నెరుగును. ఆయన 1865 జూను 18న బెట్టదకోట అరసు వంశమునకు జెందిన రెండేండ్ల చామరాజేంద్రుని దత్తత గైకొనెను. బ్రిటిషువారి వాదము విచిత్రమైనది: ఈ దత్తత సొంత ఆస్తికి చెల్లును గాని గద్దెకు చెల్లదట! అనగా ఒకే బిడ్డ యింటికి కొడుకు, రాజ్యమునకు పరాయివాడు. 1799 నాటి సైనిక సహాయ సంధిలో సూర్యచంద్రులున్నంతకాల మన్న మాట యుండగా, ఆ యేర్పాటు కృష్ణరాజునితోనే ముగియునని వారనిరి. ఈ వాదమును ఖండించుచు, మద్రాసు సైన్యమున పనిచేసిన ఇవాన్స్ బెల్ ఆ 1865లోనే ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. తుదకు 1867 ఏప్రిలులో భారత వ్యవహారముల మంత్రి స్టాఫర్డ్ నార్త్‌కోట్ దత్తతను రాజ్యమునకును అంగీకరించెను. 1868 మార్చి 27న మహారాజు కాలధర్మము నొందెను. ఆ సెప్టెంబరులో ఐదేండ్ల బాలుడు సింహాసన మెక్కెను. 1881 మార్చి 25న రాజ్యము తిరిగి దేశీయ ప్రభుత్వమునకు వచ్చినది. ఆ యేడే దివాను రంగాచార్లు ప్రజాప్రతినిధి సభను నెలకొల్పిరి. బెంగుళూరు దండు ప్రదేశము మాత్రము 1947 వరకు బ్రిటిషువారి చేతనే యుండెను.

దత్తత నిలిచినందున రాజ్యము నిలిచినది, ఇది నిస్సంశయము. కాని రెండేండ్ల పసివాని నడుగుట యెట్లు? అడుగ వీలులేనపుడు వాని మేలు జూచుట పెద్దల విధి. ఇచటనో చర్చయంతయు సంధిపత్రములమీద, వారసత్వముమీద నడచినది.

న్యాయస్థానములలోను నిదే తీరు. ఏకైక పుత్రుని దత్తత యీయరాదని వసిష్ఠుడు నిషేధించెను. మద్రాసు హైకోర్టు నుండి వెళ్లిన బలుసువారి వ్యాజ్యమున 1899లో ప్రీవీ కౌన్సిలు, ఆ నిషేధము హితవచనమే గాని దత్తతను రద్దుచేయు శాసనము కాదని తీర్పు చెప్పినది. ఇచ్చుహక్కు, పుచ్చుకొనుహక్కు విచారణకు వచ్చినవి. బిడ్డ మేలు రాలేదు.

స్వతంత్ర భారతమున 1956 నాటి హిందూ దత్తత చట్టము ఆడబిడ్డకును దత్తతార్హత కల్పించి, భార్య సమ్మతి లేక భర్త దత్తత గొనరాదన్నది. 1984లో లక్ష్మీకాంత పాండే వ్యాజ్యమున సుప్రీం కోర్టు విదేశీయుల దత్తతకు నియమములు విధించుచు బిడ్డ సంక్షేమమునే ముఖ్యముగా నెంచినది. 2015 నాటి బాలల న్యాయ చట్టము, దత్తత యుత్తర్వు నిచ్చుటకు ముందు బిడ్డ వయస్సును, అవగాహనను బట్టి వాని యిష్టమును తగురీతి పరిగణింపవలెనని శాసించుచున్నది. ఆ 2015లోనే మైసూరు రాజవంశమున యదువీరుని దత్తత జరిగినది. అప్పటికతడు పెరిగిన యువకుడు.

శునశ్శేపుడు నాడు నోరు విప్పి చెప్పినదానిని శాసనము వినుటకు వేల యేండ్లు పట్టినది. ఇకమీదట మా తరగతిలో ఐతరేయమును ఆంధ్రుల ప్రాచీనతకు సాక్ష్యముగా మాత్రమే గాక, కాదనుటవలని కీడును దెలుపు పాఠముగాను చెప్పదలచితిని. ఆ బాలికకు నేను చెప్పవలసిన సమాధాన మిది: “అప్పుడు అడగలేదమ్మా. ఇప్పుడు అడగవలెనని చట్టమే చెప్పుచున్నది.”