న్యాయసభలో శ్రోతకు పీట

భూమికి సరిహద్దు రాయి కలదు. కాలువకు తూము కలదు. వీనిని గూర్చి తగవు వచ్చినపుడు దస్తావేజులు చేతబట్టుకొని వకీలు న్యాయస్థానమునకు పోవుట మన పెద్దల నాటినుండియు ఎరిగినదే. కాని కంటికి కానరాని రేడియో తరంగమునకు హద్దు ఎవరు వేయుదురు? ఆ హద్దు మీరిన వానిపై ఫిర్యాదు చేయు హక్కు ఎవరిది? ఈ ప్రశ్నల వెంట ఇరువదవ శతాబ్దిలో ఒక క్రొత్త న్యాయవాద వర్గమే పుట్టినది. తంతి, టెలిఫోను, రేడియో, టెలివిజన్ సంస్థల అనుమతులను గూర్చి ప్రభుత్వ నియంత్రణ సంఘముల ఎదుట వాదించుటయే వారి వృత్తి.

ఈ వృత్తి చరిత్రలో మాకు మిక్కిలి ముఖ్యముగా తోచిన ఘట్టము ఒకటి కలదు. అమెరికాలో ప్రసార నియంత్రణ ఏర్పడిన తరువాత దాదాపు నలువది ఏండ్లు ఈ న్యాయసభలో స్టేషను యజమానులకును, ప్రభుత్వమునకును మాత్రమే పీట ఉండెను. ఎవరి కొరకు ప్రసారము జరుగుచున్నదో ఆ శ్రోతకు పీట లేదు. ఆ పీటను 1966లో ఒక దక్షిణ రాష్ట్రపు నల్లజాతి ప్రజలు, వారి పక్షమున నిలిచిన న్యాయవాదులు కలసి సంపాదించిరి. అన్యభాషా రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడియున్న మన కుటుంబములకు ఈ కథ తెలిసికొనదగినదని తలచి ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

అమెరికాలో 1912 నాటి రేడియో చట్టము ప్రకారము లైసెన్సులిచ్చు పని వాణిజ్య మంత్రిది. కాని ఏ స్టేషను ఏ తరంగముపై, ఏ వేళ ప్రసారము చేయవలెనో శాసించు అధికారము ఆ మంత్రికి లేదని 1926లో జెనిత్ రేడియో సంస్థ వ్యాజ్యమున ఒక ఫెడరల్ న్యాయస్థానము తేల్చెను. ఆ వెనుక కొలది నెలలలోనే దాదాపు 200 క్రొత్త స్టేషనులు వెలసినవి. ఎవరి ఇచ్చవచ్చిన తరంగముపై వారు ప్రసారము చేయ మొదలిడిరి. ఒక ఊరి పాట మరియొక ఊరి ప్రసంగములో కలసిపోయి, శ్రోతకు రొద తప్ప మరేమియు వినరాని స్థితి ఏర్పడెను. అందువలన 1927లో క్రొత్త రేడియో చట్టము వచ్చి, ఫెడరల్ రేడియో కమిషను ఏర్పడెను. 1934లో దాని స్థానమున ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను వెలసి, టెలిఫోను, తంతి వ్యవహారములను సయితము చేపట్టెను. లైసెన్సునకు చట్టము పెట్టిన కొలబద్ద ఒక్కటే: ప్రజాహితము, ప్రజాసౌకర్యము, ప్రజావసరము.

ఆ మూడు మాటలకు అర్థము చెప్పుటకే వకీళ్ళు అవసరమైరి. 1928లో రేడియో కమిషనుకు తొలి ప్రధాన న్యాయవాదిగా పనిచేసిన లూయీ కాల్డ్‌వెల్ అనునాతడు అటు పిమ్మట పెద్ద స్టేషనుల పక్షమున వాదించుచు ఈ రంగమున పేరుగాంచెను. 1936లో ఈ వృత్తివారందరు కలసి ఫెడరల్ కమ్యూనికేషన్స్ బార్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించుకొనిరి. వీరి పని సామాన్య వకీళ్ళ పనివంటిది కాదు. ప్రక్కన ఇంజనీరును కూర్చుండబెట్టుకొని ప్రసారశక్తిని, స్తంభపు టెత్తును, పరిధిని లెక్కగట్టి దరఖాస్తు సిద్ధపరుపవలెను. ఒకే తరంగమునకు ఇద్దరు పోటీపడినచో విచారణాధికారి ఎదుట వాదించవలెను. ఆనాడు లైసెన్సు గడువు మూడేండ్లకు మించరాదు గనుక గడువు తీరినపుడెల్ల దానిని తిరిగి పొందింపవలెను. ఇది మిక్కిలి నేర్పును, ధనమును కోరు పని. కనుక ఆ నేర్పంతయు సహజముగా ధనమున్నవారి పక్షమునకే చేరెను.

ఇక ఆ విచారణలలో జోక్యము చేసికొను అర్హత ఎవరికి కలదు? 1940లో శాండర్స్ సోదరుల వ్యాజ్యమున, క్రొత్త స్టేషను వలన వ్యాపార నష్టము పొందు పోటీదారుకు అప్పీలు హక్కు కలదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1943లో డెన్వరు నగరపు స్టేషను వ్యాజ్యమున, తన తరంగమునకు మరియొక స్టేషను వలన అంతరాయము కలిగినవానికి సయితము వాదార్హత కలదనిరి. అనగా సొమ్ము పోయినవాడు రావచ్చును, తరంగము చెడినవాడు రావచ్చును. స్టేషను తనను అవమానించినదనియో, తనకు తెలియవలసిన వార్తను దాచినదనియో మొరపెట్టుకొను శ్రోత మాత్రము కమిషనుకు ఉత్తరము వ్రాసికొని ఊరకుండవలసినదే.

మిసిసిపీ రాష్ట్ర రాజధానియగు జాక్సన్ నగరమున డబ్ల్యు.ఎల్.బి.టి. అను టెలివిజన్ స్టేషను 1953లో ప్రారంభమయ్యెను. దాని యజమాని ఒక జీవిత బీమా సంస్థకు చెందిన ప్రసార సంస్థ. ఆ స్టేషను పరిధిలోని జనులలో నూటికి దాదాపు 45 మంది నల్లజాతివారు. సంఖ్యలో దాదాపు సగమై ఉండియు వారికి ఆ తెరపై చోటు లేదు. వర్ణ సమస్యను గూర్చిన ఒక జాతీయ కార్యక్రమమున, నల్లజాతివారి హక్కుల సంస్థకు ప్రధాన న్యాయవాదియగు థర్‌గుడ్ మార్షల్ కనుపించు వేళ ఆ స్టేషను ప్రసారమును ఆపివేసి, తంతి చెడినది, క్షమింపుడని తెరపై ఫలకము చూపినట్లు 1955లో కమిషనుకు ఫిర్యాదు అందెను. వర్ణ విభజనను సమర్థించు కార్యక్రమమును ప్రసారము చేసి, ప్రతిపక్షమువారికి సమయమీయ నిరాకరించినదని 1957లో మరియొక ఫిర్యాదు వచ్చెను. మిసిసిపీ విశ్వవిద్యాలయమున జేమ్స్ మెరిడిత్ అను నల్లజాతి విద్యార్థి ప్రవేశమును గూర్చి అల్లరులు చెలరేగిన 1962లోను ఫిర్యాదులు అందెను. అయినను లైసెన్సు పోలేదు.

ఇట్టి స్థితిలో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అను సంస్థవారి ప్రసార కార్యాలయమునకు అధిపతియైన ఎవరెట్ పార్కర్ ఈ పని చేపట్టెను. ఆయన మొదట వకీలును పంపలేదు, సాక్ష్యమును సిద్ధపరచెను. 1964 మార్చి 1 నుండి 7 వరకు ఒక వారము పాటు స్థానిక స్వచ్ఛంద సేవకులు కొందరు తమ తమ ఇండ్లలో కూర్చుండి, ఏ నిమిషమున ఏ కార్యక్రమము వచ్చినదో, అందు ఎవరు కనుపించిరో, ఎవరిని ఎట్లు సంబోధించిరో కాగితముపై వ్రాసికొనిరి. ఆనాటి మిసిసిపీలో ఇది ప్రమాదకరమగు పని. కావున వారి పేర్లు గుప్తముగా ఉంచబడెను. ఆ లెక్కల ఆధారముతో, నల్లజాతి నాయకులగు ఆరన్ హెన్రీ, రాబర్ట్ స్మిత్ గార్లు కూడ కక్షిదారులు కాగా, లైసెన్సును తిరిగి ఈయరాదని కమిషను ఎదుట అర్జీ దాఖలయ్యెను. న్యూయార్కు న్యాయవాదులు ఓరిన్ జడ్, ఎర్ల్ మూర్ గార్లు వ్యాజ్యమును నడపిరి.

1965లో కమిషను చెప్పిన ఉత్తరువు చిత్రమైనది. ఫిర్యాదులు గంభీరమైనవేనని ఒప్పుకొనెను. అందుచే మూడేండ్లకు బదులు ఒక ఏడాదికే లైసెన్సు ఇచ్చెను. కాని అర్జీదారులకు సొమ్ము నష్టము లేదు, తరంగమునకు అంతరాయము లేదు గనుక వారికి వాదార్హత లేదనెను. శ్రోతలందరిని రానిచ్చినచో వేలకొలది అర్జీలతో పని సాగదని కమిషను భయము. ప్రజాహితమును కాపాడుటకు తామే ఉన్నామని దాని వాదము.

అప్పీలుపై వాషింగ్టను న్యాయస్థానము 1966 మార్చి 25న తీర్పు చెప్పెను. వ్రాసినవారు న్యాయమూర్తి వారెన్ బర్గర్. ఆయన తర్కము సరళమైనది. బొగ్గు కొనువారికి, విద్యుచ్ఛక్తి వాడుకొనువారికి, నగరపు బండ్లలో ప్రయాణము చేయువారికి, కృత్రిమపు వెన్న తినువారికి సయితము వేర్వేరు వ్యాజ్యములలో వాదార్హత లభించియుండగా, ప్రసారము వినువారికి మాత్రము ఏల లేదు? కమిషను ఒక్కటియే శ్రోతల పక్షమున సమర్థముగా నిలువగలదను మాట అనుభవమునకు నిలువలేదని ఆయన అభిప్రాయము. అందరు శ్రోతలు రానక్కరలేదు. బాధ్యత గల ప్రతినిధులు వచ్చిన చాలును. అర్జీల సంఖ్యను అదుపులో ఉంచు నియమములను కమిషను చేసికొనవచ్చును. విచారణ కయ్యెడు వ్యయమే వృథా అర్జీలను చాల వరకు ఆపునని కూడ ఆయన గుర్తించెను.

పీట దొరకినంత మాత్రమున న్యాయము దొరకలేదు. 1967లో జాక్సన్‌లో విచారణ జరిగినది. విచారణాధికారి స్టేషను పక్షముననే తేల్చెను. 1968లో కమిషను అధిక సంఖ్యాకుల మతముతో మూడేండ్ల లైసెన్సు ఇచ్చెను. అర్జీదారులు మరల అప్పీలు చేసిరి. 1969 జూన్ 20న బర్గరే మరల తీర్పు వ్రాసెను. తాను లైసెన్సుకు యోగ్యుడనని నిరూపింపవలసిన భారము స్టేషనుది కాగా, ఆ భారమును కమిషను శ్రోతల నెత్తిన పెట్టినదనియు, సహాయము చేయవచ్చిన ప్రజను శత్రువులుగా చూచినదనియు ఆక్షేపించి లైసెన్సును రద్దుచేసెను. మూడు దినములకు ఆయన అమెరికా ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణ స్వీకారము చేసెను. శాశ్వత లైసెన్సుకై పోటీ విచారణ పెక్కేండ్లు సాగినది. ఈలోగా 1971లో స్టేషను నిర్వహణ తాత్కాలికముగా ఒక లాభాపేక్ష లేని సంస్థకు చేరెను. 1972లో విలియం డిల్‌డే అనునాతడు దానికి మేనేజరుగా వచ్చెను. అమెరికాలో ఒక టెలివిజన్ స్టేషనుకు నల్లజాతి మేనేజరు ఏర్పడుట అదియే మొదలు.

స్టేషను పక్షమున వాదించిన న్యాయవాదులను నిందించుట మా ఉద్దేశము కాదు. కక్షిదారు కొరకు శక్తివంచన లేక వాదించుట వకీలు ధర్మము. లోపము వారిది కాదు. ఎదుటి పక్షమున ఎవరిని కూర్చుండనీయని పద్ధతిది. ఇరువైపుల సమర్థులున్నపుడే న్యాయాధిపతికి నిజము కనుపడును.

ఈ తీర్పుల ఛాయ మన దేశముపై కూడ పడినది. మన ప్రసారములకు చిరకాలము ఆధారముగా నున్నది 1885 నాటి టెలిగ్రాఫు చట్టము. దాని క్రింద ఆకాశము యావత్తు ప్రభుత్వపు గుత్తగా నుండెను. 1993 నాటి హీరో కప్పు క్రికెట్టు పోటీల ప్రసార హక్కులను గూర్చి బెంగాలు క్రికెట్ సంఘమునకును, కేంద్ర ప్రభుత్వమునకును వచ్చిన వివాదమున మన సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న తీర్పు చెప్పుచు, వాయుతరంగములు ప్రజల ఆస్తి యనియు, వానిని ప్రజాహితము కొరకు స్వతంత్ర సంస్థ నియంత్రింపవలెననియు నిర్ణయించెను. ఆ ధర్మాసనమున ప్రత్యేకముగా తీర్పు వ్రాసినవారు మన తెలుగువారగు న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి గారు. అంతకు ముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు. ప్రసారకుని హక్కుకంటె శ్రోతల, ప్రేక్షకుల హక్కే ప్రధానమని అమెరికా సుప్రీంకోర్టు 1969లో రెడ్ లయన్ వ్యాజ్యమున చెప్పిన తీర్పును వారు తమ తీర్పులో పరిశీలించిరి. తరంగము ప్రభుత్వపు సొమ్ము కాదు, వ్యాపారి సొమ్మును కాదు, పౌరునిదే అను భావము మన న్యాయశాస్త్రమున అట్లు స్థిరపడెను.

1997లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయి ఏర్పడినది. 2000లో వివాదముల పరిష్కారమునకు ప్రత్యేక ట్రిబ్యునలు వచ్చెను. 2004లో ప్రసారములును, కేబులు సేవలును ట్రాయి పరిధిలోనికి చేరెను. ఆ చట్టమున మన సంఘములు గమనింపదగిన మాట ఒకటి కలదు. సేవాసంస్థకును, వినియోగదారుల సమూహమునకును వచ్చు తగవును ఆ ట్రిబ్యునలు విచారింపవచ్చును. ఒంటరి వినియోగదారుడు తన సొంత ఫిర్యాదుకు వినియోగదారుల న్యాయవేదికకు పోవలెను. సమూహమునకు మాత్రము ఇచట ద్వారము తెరచియున్నది. జాక్సన్ ప్రజలు పోరాడి సాధించిన పీట మనకు చట్టములోనే వ్రాసియుంచబడినది.

పొరుగు భాషల నడుమ నివసించు మనకు ఆకాశమునుండి వచ్చిన తెలుగు మాట ఎంతటి అండయో వేరుగా చెప్పనక్కరలేదు. 1938 జూన్ 16న ప్రారంభమైన మద్రాసు రేడియో కేంద్రము తమిళముతోపాటు తెలుగును కూడ వినిపించినది. తెలుగు బడి లేని ఊళ్ళలో సయితము పిల్లల చెవిలో భాష నిలుచుటకు ఇట్టి ప్రసారములు తోడ్పడినవి. అట్టి మాట ఒకనాడు తగ్గినచో, వేళ మారినచో, ఆగినచో మనము చేయునదేమి? సాధారణముగా నిట్టూర్చి ఊరకుందుము. లేదా సభలో ఒక తీర్మానము చేసి, కాగితమును పెట్టెలో దాచుదుము.

జాక్సన్ వారు నేర్పిన పాఠము అంతకంటె శ్రమతో కూడినది. వారు ముందు చూచిరి. చూచినదానిని తేదీతో, గంటతో వ్రాసిరి. సమూహముగా సంతకము చేసిరి. ఆ పిమ్మటనే న్యాయవాది చేతికి ఇచ్చిరి. లెక్క లేని బాధ న్యాయస్థానమునకు వినిపింపదు. మన సంఘములలో న్యాయవాద వృత్తిలోనున్న యువకులు, యువతులు పెక్కుమంది కలరు. భూమి తగవులకు, ఆస్తి పంపకములకు పెద్దలు వారిని ఆశ్రయించుచునే యున్నారు. ప్రసార, టెలికాం న్యాయశాస్త్రమును కొందరైనను ప్రత్యేకముగా అభ్యసించి, ట్రాయి ప్రకటించు సంప్రతింపు పత్రములను చదివి, వానికి మన సంఘముల పక్షమున సమాధానము వ్రాయగలిగినచో, అది భాషకు చేయు సేవలలో చిన్నది కానేరదు. పీట వేసియున్నది. కూర్చుండువారు కావలెను.