పొరుగింటి కిటికీ

రహస్యప్రణయం పొరుగువారి కంటబడడం హాస్యనాటకానికి చాల పాత ఉపాయం. క్రీస్తుకు పూర్వం 205 ప్రాంతంలో రోమన్ రచయిత ప్లాటస్ వ్రాసిన ‘మీలెస్ గ్లోరియోసుస్’లో ఒక బానిస కోతిని తరుముకొంటూ ఇంటికప్పు ఎక్కుతాడు. యజమాని ఎత్తుకొనివచ్చిన యువతి ప్రక్కయింటిలో ప్రియుని కౌగిట కనబడుతుంది. నడిమి గోడకు కన్నం ఉన్నదని పాపం అతడెరుగడు. అది ఆమె కవల సోదరి అని బొంకి, చూచినది చూడలేదని అతనిచేతనే ఒప్పిస్తారు.

1999 ఫిబ్రవరి 11న అమెరికాలో ఎన్.బి.సి. ప్రసారం చేసిన ‘ఫ్రెండ్స్’ టెలివిజన్ నాటికలో ఫీబీ ఎదురింటి కిటికీనుండి మోనికా, చాండ్లర్‌ల గుట్టు చూస్తుంది. రచయిత్రి అలెక్సా జంగ్ పాత ఉపాయాన్ని తిరగవేసినది. ఇక్కడ చూచిన మనిషే చూడనట్లు నటిస్తుంది. చాండ్లర్‌పై వలపు నటించి ఏడిపించబోతుంది. అది కనిపెట్టి ప్రేమికులు ఎదురునటనకు దిగుతారు. ఎవరికెంత తెలుసునో ఆ లెక్కంతా ప్రేక్షకుని చేతిలో ఉంటుంది. (రేడియోవారమైన మాకు ఆ కిటికీ దక్కదు, కన్ను చూచినదంతా ఎవరో ఒకరు నోటితో చెప్పవలసినదే.)

పంతం ముద్దుదాకా వచ్చేసరికి చాండ్లర్ ఇక నటించలేక, మోనికాను ప్రేమిస్తున్నానని బయటపడతాడు. వెనుక ఒకమారు నోరుజారి, అనలేదని బుకాయించిన మాటే అది! వారిది వట్టి సరసమనుకొన్న ఫీబీ వేళాకోళం మరచిపోతుంది.

మోనికా అన్న రాస్‌కు మాత్రం ఇంకా ఏమీ తెలియదు. ఆ యెదురింటి వాటాను అద్దెకు తీసుకొన్నవాడు అతడే.