రంభ దీపపు దీవి: చిలికా దక్షిణ తీరంలో ఒక రాత్రి బస

బరంపురం నుండి కోల్‌కతా వైపు జాతీయ రహదారి మీద దాదాపు 50 కిలోమీటర్లు వెళితే రంభ అనే చిన్న పట్టణం వస్తుంది. హౌరా–చెన్నై రైలు మార్గంలో దీనికి స్టేషను కూడా ఉన్నది. ఇచ్ఛాపురం, సోంపేట ప్రాంతాల వారు ఉదయం బయలుదేరితే మధ్యాహ్న భోజనం వేళకు ఇక్కడికి చేరవచ్చు. చిలికా సరస్సు దక్షిణ కొస ఇదే. పశ్చిమాన ఖళ్లికోట కొండలు, తూర్పున విశాలమైన జలరాశి, మధ్యలో రాతి దీవులు గల ఈ తీరాన్ని గురించి మన సరిహద్దు గ్రామాల కుటుంబాలు తెలుసుకోదగిన విషయాలు అనేకం ఉన్నాయి.

దీపపు దీవి

రంభ అఖాతంలో ఘంటశిల కొండకు సమీపాన నీటి మధ్య ఒక రాతిగుట్ట ఉన్నది. దానిపై శంఖాకారంలో కట్టిన స్తంభము, దాని చుట్టూ ఒక గది కనిపిస్తాయి. ఈస్టిండియా కంపెనీ కాలంలో గంజాం కలెక్టరుగా పనిచేసిన స్నాడ్‌గ్రాస్ దీనిని కట్టించాడు. స్తంభం కొనపై దీపం ఉంచడమే దాని ఉద్దేశ్యం. అందుచేతనే దీనికి బీకన్ దీవి అని పేరు వచ్చినది. రంభలోని పాత సౌధం కూడా 18వ శతాబ్దం చివర ఆయన కట్టించినదే. తరువాత అది ఖళ్లికోట రాజుల చేతికి వచ్చినది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు గంజాం ప్రాంతం మద్రాసు రాజధానిలోనే ఉండేది. కనుక ఈ కట్టడాల చరిత్ర మన ఉభయ భాషల వారికీ ఉమ్మడి చరిత్ర.

పెద్ద దిబ్బ, చిన్న దిబ్బ

ఒడియాలో ‘బొడొ’ అనగా పెద్ద, ‘సానొ’ అనగా చిన్న, ‘కుదొ’ అనగా దిబ్బ. ఈ మాటలు తెలిసిన పిల్లలకు దీవుల పేర్లు సులభంగా అర్థమవుతాయి. బర్కుదా పెద్ద దిబ్బ, సన్‌కుదా చిన్న దిబ్బ. సన్‌కుదాను బ్రేక్‌ఫాస్ట్ దీవి అని కూడా అంటారు. ఖళ్లికోట రాజు కట్టించిన బంగళా శిథిలాలు అక్కడ ఉన్నాయి.

బర్కుదా ప్రాణిశాస్త్రంలో ప్రసిద్ధి పొందిన దీవి. 1916లో స్థాపితమైన భారత జంతు సర్వేక్షణ సంస్థకు తొలి డైరెక్టరు అయిన నెల్సన్ అనండేల్ చిలికా జీవజాలాన్ని విస్తృతంగా పరిశీలించాడు. ఈ దీవిలో లభించిన కాళ్లులేని ఒక నలికిరి జాతిని 1917లో లోకానికి పరిచయం చేసి, దీవి పేరు మీదనే బర్కుడియా ఇన్సులారిస్ అని నామకరణం చేశాడు. చూడడానికి చిన్న పామువలె ఉన్నా ఇది విషం లేని బల్లి జాతి ప్రాణి. వదులుగా ఉండే మట్టిలో దాగి జీవిస్తుంది. దీని దగ్గరి బంధువైన మరొక జాతి విశాఖపట్నం ప్రాంతానికి చెందినది. దీవిపై రాళ్లు దొర్లించడం, ఆకుచెత్తకు నిప్పు పెట్టడం, పాము అనుకొని కర్రతో కొట్టడం ఎంత హాని చేస్తాయో దీనిని బట్టి గ్రహించవచ్చు.

పక్షులు, డాల్ఫిన్లు

చిలికా వైశాల్యం వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వర్షాకాలంలో 1,100 దాటుతుంది. శీతాకాలంలో మధ్య ఆసియా, సైబీరియా ప్రాంతాల నుండి బాతులు, ఉల్లంకులు మొదలైనవి వస్తాయి. ఇటీవలి సంవత్సరాల జనవరి గణనలలో పక్షుల సంఖ్య పది లక్షలు దాటుతున్నది. వాటికి ముఖ్య నివాసం నలబణ అభయారణ్యం. వానలలో మునిగి, నీరు తీసిన తరువాత పైకి తేలే ఈ రెల్లు దీవి దాదాపు 15 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. తెలుకుంచిలో చింతచెట్లపై గూళ్లు కట్టే నత్తగుల్ల కొంగలను చూసి పెరిగిన మన పిల్లలకు ఈ దృశ్యం కొత్త పాఠం.

ఇరవాడీ డాల్ఫిన్లు సుమారు నూట యాభై వరకు ఉన్నట్లు గణనలు చెబుతున్నాయి. వాటిని చూడడానికి ప్రధాన స్థలం పూరీ జిల్లాలోని సాతపడా. రంభలో తప్పక కనిపిస్తాయని ఎవరైనా చెబితే నమ్మి అదనపు సొమ్ము ఇవ్వవలదు.

పోయి మరలివచ్చిన సరస్సు

1981లో రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ గుర్తింపు పొందిన చిలికా, ముఖద్వారం పూడిపోవడంతో క్షీణించినది. ఉప్పదనం తగ్గి, నీటి కలుపు అల్లుకొని, చేపల పట్టుబడి ఏడాదికి రెండు వేల టన్నుల లోపుకు పడిపోయినది. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరినది. 2000 సెప్టెంబరు 23న సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచారు. 2001–02 నాటికి పట్టుబడి పది వేల టన్నులు దాటినది. 2002లో ఆ జాబితా నుండి చిలికా పేరు తొలగించారు. చెడిన సరస్సును తిరిగి బాగుచేయవచ్చునని, ఆ మేలు మొదట మత్స్యకారుని ఇంటికే చేరుతుందని ఈ ఉదాహరణ నిరూపించినది.

రాత్రి ఎక్కడ ఉండాలి?

దీవిపై నిద్రించాలనే కోరిక సహజమే. కాని దీపపు దీవి కేవలం రాతిగుట్ట. అక్కడ బస, మంచినీరు, ఆశ్రయం లేవు. నలబణ అభయారణ్యం గనుక అక్కడ దిగి తిరుగాడడం తగదు. కనుక రంభ ఒడ్డున పర్యాటక శాఖ వారి పాంథనివాసులో గాని, మరొక వసతిలో గాని రాత్రి గడిపి, తెల్లవారుజామున పడవ ఎక్కడం ఉత్తమం. ఉదయపు వేళ గాలి తక్కువగా, నీరు నిలకడగా ఉంటుంది. పక్షులు మేతలో ఉంటాయి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

ఈ కుటుంబ యాత్రలో పాటించవలసినవి:

• పిల్లలతో సహా ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉన్నదో లేదో ఎక్కక ముందే చూసుకోవాలి. లేనిచో ఆ పడవ ఎక్కరాదు.
• పడవ అద్దె, చూపించే దీవుల పేర్లు, తిరిగివచ్చే సమయం ముందుగా మాట్లాడుకోవాలి.
• పక్షుల గుంపునకు దూరంలోనే ఇంజను ఆపమని అడగాలి. ఎగిరిపడే పక్షుల ఫోటో కోసం తరమడం వాటి ఆహారాన్ని, బలాన్ని హరించడమే.
• ప్లాస్టిక్ సంచులు, సీసాలు తిరిగి ఒడ్డుకు తేవాలి.
• ఆకాశం మబ్బు పట్టినా, గాలి లేచినా యాత్ర మానుకోవాలి. కట్టిన సొమ్ము కన్న ప్రాణం ముఖ్యం.

దీపం వద్దనే తీరం

తిరుగు దారిలో ఋషికుల్య నదీముఖం వస్తుంది. రంభ అఖాతాన్ని పాలూరు కాలువ దీనితో కలుపుతున్నది. ఇక్కడి ఇసుక తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు సామూహికంగా గుడ్లు పెడతాయి. 2023లో ఆరు లక్షలకు పైగా తాబేళ్లు వచ్చినవి. పిల్లలు పొదిగి బయటికి వచ్చే రాత్రులలో ఒడ్డున వెలిగే దీపాలను చూసి అవి సముద్రం విడిచి ఊరివైపు మళ్లుతాయి. అందుచేత ఆ రోజులలో తీరాన టార్చిలైటు, ఫోటో ఫ్లాష్ వాడరాదు.

ఏటా నవంబరు 1 నుండి మే 31 వరకు నదీముఖం ఎదుట సముద్రంలో 20 కిలోమీటర్ల మేర చేపల వేట నిషిద్ధం. గోపాల్‌పురం, ఆర్యపల్లి తీరాలలోని తెలుగు మత్స్యకార కుటుంబాలు ఈ ఏడు నెలల భారాన్ని మోస్తున్నాయి. తాబేలును చూడబోయే యాత్రికుడు ఆ ఊళ్లలోనే భోజనం చేసి, ఆ ఊరి యువకుడినే దారి చూపేవానిగా కుదుర్చుకొంటే ఆ భారంలో కొంతైనా తగ్గుతుంది. వన్యప్రాణి రక్షణ, మనుషుల జీవనం రెండూ నిలవాలంటే యాత్రికుని డబ్బు తీరవాసుల చేతికి అందాలి.