గెలిచినవాడి పెద్దరికం – గండికోట చెప్పే పాఠం

ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నానది పారేచోట, ఆ గండి అంచున కట్టిన కోట కాబట్టి దానికి గండికోట అని పేరు. కడప జిల్లాలో జమ్మలమడుగుకు దగ్గరలో ఉన్న ఈ దుర్గాన్ని విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు ఏలారు. శ్రీకృష్ణదేవరాయల పక్షాన పెమ్మసాని రామలింగ నాయుడు చూపిన పరాక్రమాన్ని 'రాయవాచకము' వర్ణిస్తుంది. ఆ పరాక్రమం గురించి మన ప్రాంతంలో చాలామందికి తెలుసు. అయితే రాయల యుద్ధాలు ఎలా ముగిశాయో కూడా తెలుసుకోవలసిన విషయమే.

రాయలు 1513లో గజపతులపై దండెత్తాడు. ఉదయగిరి లొంగడానికే ఏడాదికి పైగా పట్టింది. 1515లో కొండవీడు స్వాధీనమై, గజపతి కుమారుడు వీరభద్రుడు బందీగా చిక్కాడు. రాయలు సింహాచలం దాటి ముందుకు సాగాడు. చివరకు సంధి కుదిరింది. ప్రతాపరుద్ర గజపతి తన కుమార్తెను రాయలకిచ్చి వివాహం చేశాడు. రాయలు కృష్ణానదికి ఉత్తరాన తాను గెలిచిన భూములను మామగారికి తిరిగి ఇచ్చివేశాడు. అన్నేళ్ల వైరం వియ్యంతో ముగిసింది.

1520లో రాయచూరు వద్ద బిజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షా ఓడిపోయాడు. రాజీ కోసం రాయబారిని పంపాడు. సుల్తాను స్వయంగా వచ్చి తన పాదాన్ని ముద్దుపెట్టుకుంటే గెలిచినదంతా తిరిగి ఇస్తానని రాయలు అన్నట్లు పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. సుల్తాను రాలేదు. రాయల సేనలు బిజాపూరు దాకా వెళ్లాయి. నగరం పాడయింది, పగ మిగిలింది. 1565 నాటి రాక్షసి తంగడి యుద్ధానికి కారణాలు అనేకం ఉన్నా, ఇలాంటి అవమానాలు ఇరుపక్షాల మధ్య దూరాన్ని పెంచాయనడంలో సందేహం లేదు.

రాజు ఒక్కడే, విజయమూ రెండుచోట్లా ఆయనదే. ఒకచోట ఎదుటివాడి గౌరవం నిలిపాడు, సంధి కుదిరింది. మరొకచోట తల వంచమన్నాడు, కుదరలేదు.

17వ శతాబ్దం నడుమ గండికోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. కోట కోసం పోరాడిన రాజ్యాలేవీ నేడు లేవు. మాధవరాయస్వామి ఆలయం, జామియా మసీదు మాత్రం ఒకే కోటలో నిలిచి ఉన్నాయి.

కక్షల వల్ల మన సీమ పల్లెలు ఎంత నష్టపోయాయో సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. గట్టు తగాదాతో మొదలైనది మనుమల దాకా పాకిన కుటుంబాలు ఎన్నో. రాజీ కుదిర్చే పెద్దలు ఈ పాఠం గుర్తుంచుకోవాలి. ఎదుటివాడిని నలుగురిలో తలదించుకునేలా చేసిన రాజీ నిలవదు. క్షమించడం చేతగానితనం కాదు. గెలిచినవాడికి అది పెద్దరికం. ఇంట్లోనైనా ఊళ్లోనైనా, వయసులో పెద్దవారమైన మనమే ముందుగా పలకరిద్దాం.