బీదరు నుండి మామునూరు ఎంత దూరము?

బీదరు నుండి వరంగల్లుకు బండిమీద పోవువారు జహీరాబాదు, సంగారెడ్డి, పటాన్‌చెరువు దాటి హైదరాబాదు చేరి, అచ్చటినుండి తూర్పునకు మరలుదురు. ఈ త్రోవ 280 కిలోమీటర్లకు పైమాటే. విమానమునకు ఈ చుట్టుతో పనిలేదు.

పటము తీసి చూడుడు. బీదరు విమానాశ్రయము 17.91 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. వరంగల్లు దగ్గరి మామునూరు విమానాశ్రయమును చిత్రముగా అదే అక్షాంశమున ఉన్నది. రెండింటిని కలుపు సరళరేఖ జోగిపేటకు కొంచెము ఉత్తరముగా, అనగా మన సంగారెడ్డి జిల్లామీదుగనే సాగును. రేఖాంశములు 77.49, 79.60, భేదము 2.11 డిగ్రీలు. భూమధ్యరేఖపై ఒక డిగ్రీకి 111.3 కి.మీ.; ఈ అక్షాంశమున దానిని 17.91 డిగ్రీల కొసైనుచే గుణింపగా 105.9 వచ్చును. కనుక గగనదూరము సుమారు 223 కి.మీ. ఇంతే రేఖాంశభేదము 78 డిగ్రీల ఉత్తరమునకు పైనున్న స్వాల్‌బార్డు విమానాశ్రయము దగ్గర 48 కి.మీ. మాత్రమే యగును. ధ్రువము వైపునకు పోయినకొలది రేఖాంశములు దగ్గరపడుటయే దీనికి కారణము.

ఈ అంకెలకు పునాది మన పొరుగుననే పడినది. 1815లో లాంబ్టన్ బీదరు సమీపమున ఒక ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలిపించెను. ఎండకు గొలుసు సాగును. అందుచేత ఉష్ణమాపకములు పెట్టి, సాగిన మేరకు లెక్క సవరించెడివారు. ఒక్క భుజము తెలిసినచో తక్కిన త్రిభుజములకు కోణములు చాలును. కన్యాకుమారి దగ్గరి పున్నై నుండి బీదరు ప్రాంతపు దామరగిద్ద వరకు ఆయన ఇట్లే భూమి వంపును కొలిచెను. 1823లో హింగన్‌ఘాటున మరణించెను. 1841లో ఆండ్రూ వా బీదరు రేఖను లోహపు కడ్డీలతో మరల కొలిచెను. డెహరాడూను నుండి 1,300 కి.మీ.కు పైగా త్రిభుజములు అల్లుకొనుచు వచ్చి గణించిన పొడవునకు, నేలపై కొలిచిన పొడవునకు తేడా అరడుగు కూడ లేదు! రేఖ పొడవు దాదాపు ఎనిమిది మైళ్లు. తరగతిలో ఈ మాట చెప్పినచో పిల్లలు మొదట నమ్మరు.

ఇక కాలము. గంటకు 500 కి.మీ. పోవు చిన్న విమానమునకు 223 కి.మీ. 27 నిమిషముల పని. కాని పైకెక్కుటకు, దిగుటకు వేగము తగ్గును గనుక ముప్పావుగంట అనుకొనుట మేలు. దూరము తక్కువైనకొలది ఈ అదనపు భాగము పెద్దదగును.

గగనదూరము బడిలెక్క మాత్రమే కాదు. 2004 డిసెంబరులో కేంద్రప్రభుత్వమునకు, శంషాబాదు విమానాశ్రయ సంస్థకు కుదిరిన ఒడంబడికలో 150 కి.మీ. గగనదూరములోపల మరియొక విమానాశ్రయము వృద్ధిచెందుటకు 25 ఏండ్లపాటు అడ్డుగానుండు నియమమును చేర్చిరి. శంషాబాదు 2008లో తెరువబడినది. అచ్చటినుండి మామునూరు రోడ్డున 150 కి.మీ. దాటును, గగనమున సుమారు 145 మాత్రమే. నిజాము కాలపు ఆ మైదానము ఈ అయిదు కిలోమీటర్ల లెక్కలో చిక్కుకొనెను. సంస్థ అభ్యంతరము లేదనిన పిమ్మట, 2025 ఫిబ్రవరి 28న కేంద్రము అనుమతించినది.

బీదరు అంతకంటె దగ్గర, సుమారు 124 కి.మీ. అచ్చటినుండి 2020 ఫిబ్రవరిలోనే బెంగుళూరునకు విమానము ఎగిరినది.